మంజూష ఒక ప్రార్థన అంశం

"గోడ మీద పడితే ఏం చేస్తావే?"

ఇంకా గోడే లేదు. పునాది కూడా తవ్వలేదు. అయినా ఉదయలక్ష్మి ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాట అననే అంది.

"పక్కకి జరుగుతానమ్మా," అంది మంజూష జడకి బ్యాండు వేసుకుంటూ.

"నీకు నవ్వులాటగా ఉంటుంది. పడే గోడ చెప్పి పడుతుందా? పైగా మే నెల. వడదెబ్బ తగిలితే? తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే? సనత్‌నగర్ అంతా ఫ్యాక్టరీలేనటగా, ఏ గ్యాసో లీకైతే?"

"ఒకటి మర్చిపోయావు. పాము."

ఉదయలక్ష్మి చేతిలో ఉల్లిపాయ ఆగిపోయింది. నిజంగానే పాము సంగతి ఆమెకు తట్టలేదు. "పాములు కూడా ఉన్నాయా అక్కడ?"

భర్త హనుమత్ప్రసాద్ పేపరు చాటు నుంచి, "వెళ్లనీవే. ఇంట్లో కూర్చుని ఫ్యాను కింద ఏం చేస్తుంది?" అన్నాడు. ఆయన పంజాగుట్టలో ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తాడు. ఫ్యాన్ల కింద కూర్చునేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు.

మంజూష అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులకి వెళ్లి జావా నేర్చుకుంది, టెస్టింగ్ నేర్చుకుంది. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా చివర్లో ఒక హెచ్.ఆర్. మేడమ్ లిప్‌స్టిక్ చెదరకుండా నవ్వి, "చదువు కాకుండా ఇంకేం చేశారు? సోషల్ సర్వీస్ లాంటిది?" అని అడిగేది. మంజూష గతుక్కుమనేది. కోర్సులో దాన్ని ఎవరూ నేర్పలేదు మరి.

అప్పుడు క్లాసులో పక్కన కూర్చునే ఎస్తేరు రాణి దారి చూపించింది. "మా చర్చి యూత్ వాళ్లం మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నాం. ఒక ఇల్లు కడతాం, పిల్లలకి పాఠాలు చెబుతాం. పాస్టర్ గారు సర్టిఫికెట్ ఇస్తారు. నీకు ఇంగ్లీష్ వచ్చు కదా, వచ్చెయ్."

మొదట ఆదిలాబాద్ వెళ్దామనుకున్నారట. అడవి అనేసరికి ఎవరి అమ్మలూ ఒప్పుకోలేదు. తగ్గించి తగ్గించి చివరికి సనత్‌నగర్ దగ్గర తేలారు. పొద్దున్న సిటీ బస్సెక్కి మిషన్ ట్రిప్‌కి వెళ్లడం, సాయంత్రం సిటీ బస్సులోనే ఇంటికి రావడం. అన్నం డబ్బా ఇంటి నుంచే.

ఉదయలక్ష్మి పెరుగన్నం పెట్టింది, గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టింది, పాము అన్నందుకు ఒక వెల్లుల్లి రెబ్బ కూడా పెట్టింది. కూతురు ప్రేమలో పడొచ్చునన్న భయం మాత్రం, ఇన్ని భయాల మధ్య చోటు దొరక్క కాబోలు, ఆమెకు రానే లేదు.

* * *

ఇల్లు చంద్రమ్మది. ఫ్యాక్టరీల వెనక బస్తీలో ఉంటూ, రోడ్డు మీద మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకుంటుంది. కిందటేడు వానకి గుడిసె కూలిపోతే ఒక గది, రేకుల కప్పు వేసి ఇద్దామని పంజాగుట్ట చర్చి వాళ్లు పూనుకున్నారు.

యువకులూ యువతులూ వరసగా నిలబడి సిమెంటు ఇటుకలు చేతులు మార్చుకుంటున్నారు. మంజూష పక్కన నిలబడ్డ కుర్రాడు పొడుగ్గా, చామనఛాయగా ఉన్నాడు. టీ షర్టు మీద ఏదో బేగంపేట కంపెనీ పేరుంది.

"సిస్టర్, జర గట్టిగ పట్టుకోండ్రి."

"నేను మీ సిస్టర్ని కాదండీ. నా పేరు మంజూష."

ఆ చెప్పడంలో చేయి జారింది. ఇటుక వెళ్లి అతని పాదం మీద పడింది.

"అబ్బా! పేరు చెప్పనీకి ఇటుక ఇడవాల్నా సిస్టర్?"

"సారీ! సారీ అండీ! ఎముక విరిగిందేమో, ఎక్స్‌రే తీయించండి. లోపల చీము పడితే..." తల్లి మాటలు తన నోట్లోంచి వస్తున్నాయని గ్రహించి మంజూష ఆపేసింది.

చంద్రమ్మ పక్కన చేటలో కంకులు ఒలుచుకుంటూ అంతా చూస్తోంది. "పొల్లకు ఇటుక పట్టుడు రాదు గని, కండ్లు మాత్రం మస్తు పెద్దగున్నయి. ఏం విజయేందరు, కాలు నొస్తుందా, ఇంకేమన్న నొస్తుందా?"

అందరూ గొల్లున నవ్వారు. విజయేందర్ కుంటుతూ వెళ్లి వరసలో మళ్లీ అక్కడే నిలబడ్డాడు. పది మంది అవతల చోటుంది. అతను అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం టార్పాలిన్ కింద పిల్లలకు క్లాసు. మంజూష ఇంగ్లీష్ చెప్పేది, విజయేందర్ చేతులు ఊపుతూ పాటలు నేర్పేవాడు.

"ఏంటి, అందరూ అలా అరుస్తారేంటి?" అందామె ఒకసారి.

ముందు వరసలో పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, ఏంటి అంటే ఏంది?"

"ఏంటి అంటే ఏంది, ఏంది అంటే ఏంటి," అన్నాడు విజయేందర్ గంభీరంగా. "పరీక్షల వస్తది, రాసుకోండ్రి."

ఆ సాయంత్రమే అకాల వర్షం. టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిండి బస్తాలా వేలాడింది. ఇద్దరూ చెరో కర్రతో కింది నుంచి పొడిచారు. ఆమె అటు పొడిచింది, అతను ఇటు పొడిచాడు, నీళ్లు సరిగ్గా ఇద్దరి నడుమా దబ్బున పడ్డాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. అతని కళ్ల మీదికి జారిన తడి జుట్టును చూసి, మంజూష ఎందుకో తల తిప్పుకుంది. మళ్లీ చూసింది.

మంజూష అమీర్‌పేటలో బస్సు దిగితే, వెనకే అతనూ దిగాడు.

"మీ ఇల్లెక్కడండీ?"

"బోరబండ."

"అది అటు కదా?"

"అవును. బస్సు ఇటే వచ్చింది మరి."

ఆమె నవ్వాపుకుంది. "ఇంకా ఎన్నాళ్లు సిస్టర్ అంటారు నన్ను?"

"చర్చిల అందరిని గట్లనే అంటం."

"నేను చర్చిలో లేను. బస్టాపులో ఉన్నాను."

అతను కాసేపు బస్సుల పొగలోకి చూశాడు. "సరే. పోయొస్త, మంజూష."

ఆ పేరు తనకు పుట్టినప్పుడే పెట్టారు. అయినా కొత్త చీరలా ఉందది ఆ సాయంత్రం.

* * *

పని ముగిశాక వాళ్లంతా గుండ్రంగా నిలబడి ప్రార్థన చేసుకునేవారు. ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. ఒకరు అమ్మ మోకాళ్ల నొప్పులంటారు, ఒకరు వీసా అంటారు. ఆ రోజు మంజూష పంపు దగ్గర చేతులు కడుక్కుని వస్తుంటే విజయేందర్ గొంతు వినిపించింది.

"మంజూష గురించి నాకు మస్తు భారంగ ఉన్నది, పాస్టర్ గారూ. అందరు జర ఆమె కోసం ప్రార్థన చెయ్యండ్రి."

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

భారం. నిజమే, తను ఇటుకలు సరిగ్గా మొయ్యలేదు. సిమెంటు మాలు తట్ట రెండుసార్లు ఒలకబోసింది. దానికి ఇంతమందిలో చెప్పాలా? దేవుడికి కూడా ఫిర్యాదు చెయ్యాలా? సంచీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కేసింది.

మర్నాడు ఆమె సనత్‌నగర్ వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. "హమ్మయ్య, గోడ గండం తప్పింది," అనుకుంది ఉదయలక్ష్మి. సాయంత్రానికల్లా, "అన్నం తినడం లేదేంటి, కామెర్లేమో," అనుకుంది. గట్టిగా అడిగితే మంజూష ఆ మాట చెప్పి ఏడ్చింది.

అప్పుడే ఇంట్లో ఫోను మోగింది.

"నమస్తే ఆంటీ. విజయేందర్‌ను. మంజూష ఉన్నదా?"

"ఉంది. కానీ లేదు," అంది ఉదయలక్ష్మి. "ఏం బాబూ, మా పిల్ల నీకు భారమా? అదేమన్నా కందిపప్పు బస్తానా నువ్వు మొయ్యడానికి?"

అవతలి గొంతు కంగారుపడింది. "అయ్యయ్యో ఆంటీ, గది గట్ల కాదు! మా చర్చి మాటల భారం అంటే మంచిదే. ఒకళ్ల గురించి ఊకె యాదికొస్తుంటే, వాళ్లకేమైతదో అని మనసు నిమ్మళం లేకుంటే, భారం ఉన్నది అంటం."

"మా అమ్మాయి ఊరికే గుర్తొస్తోందా నీకు?"

"అవునాంటీ."

"నిద్ర పడుతోందా?"

"పడ్తలేదు."

"అన్నం?"

"అంతంతే."

ఉదయలక్ష్మి గుండెల మీద చెయ్యేసుకుంది. "దీన్ని మా వైపు వేరే పేరుతో పిలుస్తారు నాయనా," అంది, అనేసి, తనేమందో అప్పుడు తెలిసి, రిసీవరు వేడెక్కినట్టు కూతురి చేతిలో పెట్టేసింది.

మంజూష రిసీవరు చెవికి ఆనించుకుంది. ఏడుపు మొహం మీదే నవ్వొచ్చింది.

"ఆంటీ? ఉన్నరా? ఆంటీ, కోపం చెయ్యకుండ్రి..."

"ఆంటీ కాదు. బస్తా మాట్లాడుతోంది."

* * *

గోడలు లేచాయి. రేకులు పడ్డాయి. పాస్టరు కృపావరం గారు వచ్చి గడపలో నిలబడి ప్రార్థన చేశారు. ఆయన అటు వెళ్లగానే చంద్రమ్మ అదే గడపకు పసుపు పూసి కుంకం పెట్టింది, లోపల గూట్లో తన పోచమ్మ పటం పెట్టుకుంది. ఎస్తేరు ఏదో అనబోతే పాస్టరు గారే వారించారు. "ఆమె ఇల్లమ్మా. ఆమె ఇష్టం."

ఆ మాటకు మంజూషకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది.

తిరుగుదారిలో ఇద్దరూ అమీర్‌పేట దాటి పంజాగుట్ట దాకా నడిచారు. సన్నగా జల్లు. ఒక ఇరానీ హోటల్ ముందు నిలబడి చాయ్ తాగారు.

"నాకున్న భారానికి మీ అమ్మ వేరే పేరున్నది అన్నది. గదేందో చెప్పలే. నువ్వు చెప్పు."

"నీకు తెలీదా?"

"నువ్వంటే వినాల్నని ఉన్నది."

ఆమె గ్లాసులోకి చూస్తూ చెప్పింది. "ప్రేమ."

పక్క టేబుల్ దగ్గర పెద్దాయన చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి మునిగిపోతున్నా పట్టించుకోకుండా చూశాడు.

జూన్‌లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. హెచ్.ఆర్. మేడమ్ సర్టిఫికెట్ చూసి ముచ్చటపడింది. ఆషాఢమంతా వానలు, మైత్రీవనం మెట్ల మీద ఎదురుచూపులు, ఆలస్యానికి అలకలు. ఉదయలక్ష్మికి అన్నీ తెలుసు. భర్తకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్న ఆలోచనతోనే ఆమెకు బీపీ పెరిగింది.

"మా నాయనకు చెప్పిన," అన్నాడు విజయేందర్ ఒకరోజు. "మస్తు ఖుషీ అయిండు."

మంజూష గాల్లో తేలుతూ ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. ఉదయలక్ష్మి మొహం వాడిపోయింది.

"అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారే? మనం వేరు, వాళ్లు వేరు. కొంచెమైనా గొడవ పడాలి కదా? ఒక్క మాటైనా అనాలి కదా?"

"నీకు గొడవ లేకపోయినా భయమేనా అమ్మా!"

"గొడవ లేకపోతేనే భయం," అంది ఆమె.

* * *

సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చిలో మిషన్ ట్రిప్ గురించి యూత్ వాళ్లు చెబుతారని ఎస్తేరు పిలిచింది. విజయేందర్ మాట్లాడతాడట. తను వస్తున్నట్టు అతనికి చెప్పొద్దని, ఆశ్చర్యపరుస్తానని మంజూష నీలం చుడీదార్ వేసుకుని బయల్దేరింది. ఒంటరిగా పంపడం ఇష్టం లేక ఉదయలక్ష్మి కూడా వెంట వెళ్లింది. ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. అతని తండ్రి రాజనర్సయ్య, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ముందు వరసలో ఉన్నాడు.

విజయేందర్ మైకు పట్టుకున్నాడు. ఇస్త్రీ బట్టల్లో ఇంకా పొడుగ్గా కనిపించాడు. ఎండల గురించి, పిల్లల గురించి చెప్పి అందర్నీ నవ్వించాడు. మంజూష అందరికంటే ముందు నవ్వింది.

"ప్రభువు మమ్మల్ని మస్తు దీవించిండు," అన్నాడతను చివర్లో. "ఒక ఇల్లు కట్టినం. ఒక ఆత్మను సుత సంపాదించినం. సిస్టర్ మంజూష తొందర్ల బాప్తిస్మం తీసుకుంటది. ఆమె కోసం ప్రార్థన చేసినోళ్లందరికి వందనాలు."

చప్పట్లు మోగాయి. ఎస్తేరు సంతోషం పట్టలేక వెనక్కి చెయ్యి చూపించింది. వరసలన్నీ వెనక్కి తిరిగాయి. అందరూ నవ్వుతున్నారు. నిజంగా, మనస్ఫూర్తిగా నవ్వుతున్నారు.

ఉదయలక్ష్మి బెదిరిపోయి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆత్మ అంటాడేంటే? ఎవరు పోయారు?"

"నేనేనమ్మా," అంది మంజూష.

మైకు దగ్గర విజయేందర్ అప్పుడే ఆమెను చూశాడు.

* * *

గేటు బయట, పంజాగుట్ట రోడ్డు మీద, అతను పరుగున వచ్చి వాళ్లను అందుకున్నాడు. ఉదయలక్ష్మి రెండడుగులు వెనక నిలబడింది. రోడ్డు దాటేటప్పుడు పిల్ల చూసుకోదేమోనని కొంగు చివర పట్టుకునేంత దగ్గర్లోనే నిలబడింది.

"మంజూష, ఆగు జర. నేను అబద్ధం చెప్పలే. మాతోని పాటలు పాడినవ్. ప్రార్థనల నిలబడ్డవ్."

"నిలబడ్డాను. నీ పక్కన చోటు కాబట్టి."

అతను ఒకసారి గేటు వైపు చూశాడు.

"మీ నాన్నగారు ఖుషీ అయ్యారన్నావే. ఏం చెప్పావు ఆయనకి?"

"నువ్వొస్తవని చెప్పిన."

"ఎక్కడికి? మీ ఇంటికా?"

"ప్రభువు దగ్గరికి. నువ్వొస్తవని నమ్మిన. దినాం అదే ప్రార్థన చేస్తున్న."

"దేవుడికి చెప్పావు. పాస్టరు గారికి చెప్పావు. చర్చి మొత్తానికి చెప్పావు. నాకు చెప్పావా?"

"భయమైంది," అన్నాడతను. "వద్దంటవేమో అని."

"ఇప్పుడు వద్దంటున్నాను. నేను ఎవరి సంపాదననీ కాదు."

"గట్ల అనకు. నువ్వు నాకు ఆత్మవు కాదు, మంజూషవు. గందుకనే కదా నా భయం. గీ యాభై అరవై ఏండ్లు నాతోని ఉండి, ఆ తర్వాత నువ్వు ఒక దిక్కు, నేనొక దిక్కు అయితే? పరలోకంల నేను నిన్ను ఏడ వెతుకుత? నువ్వు లేకుంటే ఆడ నాకేం పని?"

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. జరగబోయేదానికి రోజూ ముందే ఏడ్చే ఉదయలక్ష్మికి ఆ చూపు అర్థమైంది. అయ్యో, వీడు నాకంటే పెద్ద భయస్తుడే, అనుకుంది. నాది గోడ పడేదాకానే. వీడిది చచ్చిపోయాక కూడా ఆగదు.

అర్థమైనందువల్ల ఆమెకు ఇంకా దిగులు వేసింది.

మంజూష చున్నీతో మొహం తుడుచుకుంది. గొంతు తగ్గించి, నెమ్మదిగా మాట్లాడింది. కోపంగా అరిచి ఉంటే బాగుండుననిపించింది తల్లికి.

"చూడు విజయ్. చంద్రమ్మకి ఇల్లు కట్టి ఇచ్చారు. పోచమ్మని పెట్టుకుంటే ఎవరూ కాదనలేదు. ఆమెను ఏమీ అడగలేదు మీరు. నన్ను కూడా అలాగే ఉండనిస్తావా? నువ్వు చర్చికి వెళ్లు, నేను గేటు దాకా వస్తాను. పిల్లలు పుడితే వాళ్లు ఎటైనా వెళ్లనీ. మా నాన్నతో నేను పోట్లాడతాను. ఇవాళే పోట్లాడతాను. కానీ పెళ్లయ్యాక, ఎప్పటికీ, నన్ను మారమని అడగనని నువ్వు చెప్పాలి. బయటికి అడక్కపోవడం కాదు. నీ లోపల కూడా. నన్ను చూసినప్పుడల్లా ఇంకా ఏదో మిగిలిపోయినట్టు చూడకూడదు. చెప్పు. అడక్కుండా ఉంటావా?"

అతను ఆమెనే చూస్తున్నాడు.

అమీర్‌పేట బస్సు వచ్చింది. కండక్టరు వీళ్ల వైపు చూసి, ఎక్కేలా లేరని రైట్ రైట్ అన్నాడు. ఉదయలక్ష్మి చెయ్యి ఎత్తలేదు. ఊ అను బాబూ, అని ఆమె పెదవులు కదిలాయి. వెంటనే, వద్దు, అనొద్దు, అనుకుంది. ఏది జరిగినా తన పిల్లకు మంచిదని ఆమెకు ఎటు నుంచీ తోచలేదు.

గేటు దగ్గర రాజనర్సయ్య కేకేశాడు. "అరే విజయ్! అందరు ఫోటో దిగుతున్నరు, కోడల్ని సుత తీస్కరా!"

అతను వెనక్కి తిరగలేదు. ఊ అంటే సరిపోయేది. ఒక్క అక్షరం. ఆమె నమ్మేది, తనతో వచ్చేది, ఆమె నమ్ముతుందని అతనికీ తెలుసు. ఫోటో వాళ్లు వరసలు సర్దుకుంటున్నారు. ఇంకో బస్సు వచ్చి, ఆగి, పొగ వదిలి వెళ్లిపోయింది. మంజూష కదల్లేదు. ఆ పెద్ద కళ్లు రెప్ప వెయ్యలేదు.

అతను చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

"అడుగుత, మంజూష," అన్నాడు. "దినాం అడుగుత."